వెయ్యి భూములు

కాటారం దాటినంక పత్తిచేను గట్టు మీద
మేం చెవులు నాటినం.
ఇరవై అయిదు మీటర్లకు ఒకటి, నారింజ రంగు తీగకు గుచ్చి.
రాజలింగు మడమతో తొక్కి తొక్కి దిగ్గొట్టిండు.
"గివి మొలుస్తయా?" అని అడిగిన పిలగానికి
"మొలుస్తయి, గీతలు మొలుస్తయి" అన్నడు.

పగలు ఎందుకూ పనికిరాదు.
ఇసుక లారీలు, మోటర్లు, పత్తి ఏరేటోళ్ల అడుగులు,
గాలికి ఊగే తుమ్మచెట్టు వేరు కూడ
భూమి మాట్లాడినట్టే వినవడుతది.
రాత్రి పదకొండు దాటినంక
బండి తన ఇనుప పాదం నేలకు ఆనించి
పన్నెండు సెకన్లు వణికింది.
ఆ వణుకు కిందికి పోయి
ఇసుకరాయిని తాకి, బొగ్గుపొరను తాకి,
ఇంకా కింద ఏదో మెత్తటిదాన్ని తాకి
మిగిలినంత తిరిగొచ్చింది,
బావిలకు వంగి పిలిస్తే
సగం పేరే వాపసు వచ్చినట్టు.

నేను హన్మకొండల, ఫ్యాను కిర్రుమనే గదిల
ఆ సగం పేర్లను కూడబెట్టేదాన్ని.
నా పని తవ్వుడు కాదు.
తవ్వకముందే, ఎంత తెల్వదో చెప్పుడు.

నూట డెబ్బై చదరపు కిలోమీటర్లకు
లోతు బావులు నాలుగే.
నాలుగు మెతుకులు పట్టి చూసి అన్నం సంగతి చెప్పొచ్చు,
కుండంతా ఒక్క మంట మీద ఉడికింది కనుక.
భూమి అట్ల ఉడకలేదు.

దగ్గరి రాయి దగ్గరి రాయిని పోలుతది.
దూరం పెరిగితే పోలిక పలచనైతది,
ఒకచోట తెగిపోతది.
ఆ తెగే దూరం కనుక్కునేందుకు మూడు నెలలు పట్టింది.
అడ్డంగ తొమ్మిది వందల మీటర్లు,
గోదారి వాలు వెంబడి రెండు వేలు.
ఎప్పటిదో పాత ఏరు ఏ దిక్కు పారిందో
అంకెలకు ఇంకా యాదికున్నది.

ఆ దూరాలిచ్చి, భూమిని చెయ్యమన్న కంప్యూటరును.
వెయ్యి చేసింది.
నాలుగు బావుల కాడ వెయ్యింటికీ తేడా లేదు,
నడుమ మాత్రం ఏదీ ఇంకొకదాని లెక్క లేదు.
ఒకదాంట్ల గ్యాసు చెరువంత,
ఒకదాంట్ల బుడ్డీ దీపానికి సరిపోనంత.
ఏదైనా నిజం కావచ్చు.
నిజం మాత్రం ఒక్కటే.

ఉత్తరం మూలకు బొమ్మ వంకర వచ్చింది.
పైపొర మందం తెల్వక.
దుప్పటి మందం తప్పు లెక్కేస్తే
కింద పండుకున్న మనిషి వంకరగనే కనవడుతడు.

అప్పుడు పోయిన ఓదెమ్మ ఇంటికి.
నీళ్లు పడ్డ బోర్లను ఆఫీసుల్ల రాసుకుంటరు.
పడని బోరును ఎవ్వరూ రాసుకోరు.
ఆమె కూడా రాయలేదు, చెప్పింది:
"మొదటిది నూట నలభై ఫీట్లు. రెండెడ్లు వోయినయ్.
రెండోది రెండు వందల పది. తెల్లసుద్ద ఎళ్లింది,
చేతికంటితె రెండొద్దులు వోలే.
మూడోది చెప్ప."
పొయ్యిల కట్టె ఎగదోసి, కాసేపటికి చెప్పింది.
మూడు వందల అరవై.

దూలానికి కట్టిన రుమాలు దించింది,
మెడ చెమట మరకలున్న మగోళ్ల రుమాలు.
ముడి విప్పితే మూడు పిడికెళ్ల మట్టి,
ఎర్రది, తెల్లది, బూడిద రంగుది.
"ఎందుకు దాసినవమ్మా?"
"గన్ని పైసలకు రశీదుండాలె గద బిడ్డా."

ఆ మూడు లోతులు పెట్టి లెక్క మళ్ల నడిపిన.
పొర తిన్నగైంది.
వెయ్యి భూములు ఒకదాని దిక్కు ఒకటి
కొద్దిగ, కొద్దిగనే, జరిగినయి.

మల్ల చలికాలం చెప్పనీకి పోయిన.
"అంటె ఉన్నట్టా లేనట్టా?"
"నూటికి ముప్పై ఎనిమిది పాళ్లు ఉన్నట్టు."
నవ్వింది.
"బోరు బండోడు నూటికి నూరన్నడు.
నువ్వే నయం, తక్కువ చెప్పినవ్."

గ్యాసు ఎళ్తె ఎవరిదైతదని అడుగుతదనుకున్న.
జవాబు కూడ తయారు చేసుకున్న తొవ్వల.
అడగలే.
"రుమాలు తెచ్చినవా?" అన్నది.
మట్టి సీసాలల్ల ఉన్నది, రుమాలు మాత్రం తెచ్చిన,
మడత పెట్టి, రెండు చేతుల ఇచ్చిన.
ముక్కుకాడికి తీస్కపోయి ఆగింది.

"ఉతికినవా" అన్నది.